అప్పా, సాక్ష్యమా?

టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో చాలా ఏళ్లుగా స్థిరపడిన మేనమామకూ, హైదరాబాదులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి ఎంఎస్ చదువుకు వచ్చిన మేనల్లుడికీ జరిగిన వాదం ఇది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పని దొరికి మేనల్లుడికి సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) రాగానే, క్రెడిట్ కార్డు తీసుకోమని మామయ్య పట్టుబట్టాడు.

మేనల్లుడు: అప్పు లేనివాడే అధిక సంపన్నుడని మన ఇంట్లో వింటూ పెరిగాను, మామయ్యా. నా ఖర్చులన్నీ డెబిట్ కార్డుతో గడిచిపోతున్నాయి. ఉన్నదానితో సరిపెట్టుకునేవాణ్ణి పక్కనబెట్టి, అరువు తెచ్చుకునేవాణ్ణి నమ్మే పద్ధతిలో నేనెందుకు చేరాలి?

మేనమామ: ఆ సామెత వడ్డీ పెరిగే అప్పు గురించి పుట్టింది. స్టేట్‌మెంటులో చూపిన మొత్తాన్ని నెలనెలా గడువులోగా పూర్తిగా కట్టేవాడికి కొనుగోళ్ల మీద వడ్డీ పడదు. వాడికి కార్డు అప్పు కాదు, మాట నిలబెట్టుకుంటాడనడానికి సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు సంస్థలు నమోదు చేస్తాయి. మామూలు డెబిట్ కార్డు ఖర్చులు వాటి దాకా చేరవు. అప్పు సరిగా తీరుస్తాడా లేదా అన్న నమ్మకాన్ని అంకెల్లో చూపే ఫైకో స్కోరు 300 నుంచి 850 వరకు ఉంటుంది. అందులో చెల్లింపుల చరిత్రకే 35 శాతం విలువ ఉంది, పైగా కనీసం ఒక ఖాతాకు ఆరు నెలలు నిండనిదే ఆ స్కోరు పుట్టదు. రేపు స్కోరు అడిగే యజమాని దగ్గర సొంతంగా ఇల్లు అద్దెకు తీసుకోవాలనుకున్న రోజున మొదలుపెడితే, ఆ ఆరు నెలలను ఎక్కడి నుంచి తెస్తావు?

మేనల్లుడు: నా అభ్యంతరమంతా అక్కడే ఉంది. హైదరాబాదులో బండి కోసం తీసుకున్న రుణాన్ని ఒక్క వాయిదా కూడా తప్పకుండా తీర్చాను. అక్కడ నా వివరాలున్న సిబిల్ ట్రాన్స్‌యూనియన్‌దే, ఇక్కడ నన్ను ఎరగననేది కూడా ట్రాన్స్‌యూనియనే. విమానం దిగేసరికి నా నిజాయితీ చెల్లకుండా పోవడం అన్యాయం కాదా?

మేనమామ: అన్యాయమే, కాదనను. నేను వచ్చినప్పుడు నాకూ అదే మనసు కష్టపెట్టింది. నోవా క్రెడిట్ అనే సంస్థ ద్వారా భారతదేశపు రుణచరిత్రను పరిశీలించే ఏర్పాటును అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 2019లో మొదలుపెట్టింది. అయితే నీ ఇంటి యజమాని కూడా అలా చూస్తాడని ఆశ పెట్టుకోలేం.

మేనల్లుడు: సరే, మరి ప్రలోభం సంగతి? నా గదిలోని స్నేహితుడు కనీస మొత్తం మాత్రమే కడుతూ, ఇరవై శాతం దాటిన వడ్డీలో కూరుకుపోయాడు.

మేనమామ: అందుకే సెక్యూర్డ్ కార్డు తీసుకోమంటున్నాను. 200 డాలర్లు డిపాజిట్ కడితే సాధారణంగా అంతే పరిమితి ఇస్తారు, అదే నీకు కంచె. ఫోను బిల్లు ఒక్కటే దాని మీద పెట్టు, పూర్తి మొత్తం ఆటోపేలో కట్టు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకో: కార్డు సంస్థలు సాధారణంగా స్టేట్‌మెంటు నాటి బాకీనే ఆ మూడు సంస్థలకు నివేదిస్తాయి కాబట్టి, 200లో 190 వాడి తరువాత మొత్తం కట్టినా, ఆ నెలకు నువ్వు అంచుమీద ఉన్నట్లే కనిపిస్తుంది. స్కోరులో 30 శాతం ఈ బాకీల లెక్కదే. కొంత బాకీ మిగిలిస్తే స్కోరు పెరుగుతుందని ఎవరో చెబితే నమ్మి, మొదటి ఏడాది నేను కావాలనే మిగిల్చాను. వడ్డీ పోయింది తప్ప స్కోరుకు ఒరిగిందేమీ లేదు.

మేనల్లుడు: ఆ కంచె ఉంటే ఒప్పుకుంటాను.

మేనమామ: దానితోపాటు నా పాత కార్డులో నిన్ను అదనపు వాడుకదారుగా చేరుస్తాను. నా ఏళ్ల చరిత్ర నీకూ కలిసివస్తుంది.

మేనల్లుడు: అది మాత్రం వద్దు, మామయ్యా. నేను ఖర్చు పెడితే కట్టవలసిన బాధ్యత మీది, మీరు ఏ జ్వరంలోనో మరచిపోతే మచ్చ నా లెక్కలోనూ పడుతుంది. ముప్పై రోజులు దాటిన ఒక్క ఆలస్యం మీ రుణచరిత్ర నివేదికలో ఏడేళ్లు ఉండిపోతుందని మీరే చెప్పారు. నా పేరును నా 200 డాలర్లతోనే సంపాదించుకోనివ్వండి.

మేనమామ: అయితే స్కోరు ఎదగడానికి ఇంకొంత కాలం పడుతుంది.

మేనల్లుడు: పట్టనివ్వండి. ఎంఎస్ పూర్తవడానికి ఇంకా రెండేళ్లుంది.