స్ట్రాట్‌ఫర్డ్ క్షేత్ర మాహాత్మ్యం

ఇంగ్లండుకి మాస్టర్స్ చదవడానికి వెళ్లిన తెలుగు విద్యార్థి ఏడాదిలోగా చేసి తీరాల్సిన పుణ్యకార్యాలు మూడు. లోను వాయిదాల గురించి నాన్నకి ధైర్యం చెప్పడం, లండన్ బ్రిడ్జి అనుకుని టవర్ బ్రిడ్జి ముందు ఫొటో దిగడం, షేక్‌స్పియర్ పుట్టిన ఊరు దర్శించడం. మొదటి రెండూ సీనియర్లు నేర్పుతారు. మూడోదానికి శాస్త్రోక్తమైన విధానం లేకపోవడంతో పిల్లలు పాపం తోచినట్టు వెళ్లి, తోచినట్టు తిరిగొస్తున్నారు.

మొదటి అపచారం రైలెక్కడంలోనే జరుగుతుంది. తూర్పు లండన్ ఈస్ట్‌హామ్‌లో ముగ్గురితో కలిసి గది పంచుకునే కుర్రాడికి స్ట్రాట్‌ఫర్డ్ అంటే కూతవేటు దూరం. జూబ్లీ, సెంట్రల్ అనే మెట్రో లైన్లు, పెద్ద మాల్, 2012 ఒలింపిక్స్ స్టేడియం అన్నీ అక్కడున్నాయి. షేక్‌స్పియర్ తప్ప. ఆయన ఊరు స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్, అక్కణ్నుంచి సుమారు వంద మైళ్లు. పాత ఇంగ్లిషులో మొదటి ముక్కకి రోమన్లు వేసిన బాట అనీ, రెండో ముక్కకి కాలినడకన దాటే రేవు అనీ అర్థం. ఆ బాట ఏరు దాటిన చోటల్లా ఓ స్ట్రాట్‌ఫర్డ్ వెలిసింది, మనకి జిల్లాకో కొత్తపేట ఉన్నట్టు. ఇక ఏవన్ అంటే పాత కెల్టిక్ మాటల్లో ఏరు అనే. ఏరుకి ఏరని పేరుపెట్టి, దాని ముందు మళ్లీ 'రివర్' తగిలించారు. మనం 'నడిసెంటర్' అంటే మాత్రం వెటకారం!

లండన్ వాళ్లు మేరిల్‌బోన్ స్టేషన్‌లో ఎక్కాలి. నేరుగా వెళ్లే బళ్లు తక్కువ కాబట్టి దారిలో ఒకచోట మారాల్సి రావచ్చు, మొత్తం రెండు గంటల పైమాటే. బర్మింగ్‌హామ్ వాళ్లది పూర్వజన్మ సుకృతం, మూర్ స్ట్రీట్ స్టేషన్ నుంచి గంటలోపే. ట్యూబులో, అంటే లండన్ మెట్రోలో లాగా కార్డు గేటుకి ఆనించి దూరిపోతే లండన్ నుంచి ఇక్కడికి చెల్లదు, ముందే టికెట్ కొనాలి. పాతికేళ్ల లోపు వాళ్లకిచ్చే 35 పౌండ్ల రైల్‌కార్డు తీసుకుంటే ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. పాతికేళ్లు దాటినా ఫుల్‌టైమ్ చదువుతుంటే ఇస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున పదిలోపు ప్రయాణాలకి మాత్రం కనీస ఛార్జీ 12 పౌండ్లనే మెలిక ఉంది, జులై, ఆగస్టుల్లో తప్ప. ఆదివారం మెలిక లేదు గానీ పట్టాల పనులు పెట్టుకుంటారు. రైలు బదులు బస్సెక్కించి ఊరూరా తిప్పుతారు. కాబట్టి యాత్రకి శనివారమే శ్రేష్ఠం.

శనివారానికి షిఫ్టు అడ్డం. కాలేజీ నడిచే రోజుల్లో స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలే పని, వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. ఎనిమిది గంటల షిఫ్టు మానేసి, 'వచ్చే వారం కలిపి చేసేస్తా అన్నా' అని మేనేజరుని బతిమాలుకున్నాడనుకోండి, ఆ వారం 28 గంటలు పడి వీసాకే ఎసరొస్తుంది. 2025 ఏప్రిల్లో 21 నిండినవాళ్లకి వచ్చిన కనీస కూలి, గంటకి 12.21 పౌండ్లు, లెక్కేసుకుంటే దాదాపు 98 పౌండ్లు గంగలో, క్షమించాలి, ఏవన్‌లో కలిసినట్టే.

ఇక స్థలపురాణం. ఊళ్లో ఈ కుటుంబం ఉనికిని చెప్పే తొలి కాగితం 1552 నాటిది. హెన్లీ వీధిలో పెంటకుప్ప పోసినందుకు షేక్‌స్పియర్ తండ్రి జాన్‌కి 12 పెన్నీల జరిమానా. ఏ క్షేత్రానికైనా ఒక శిలాశాసనం ఉంటుంది, దీనికి పెంటకుప్ప శాసనం. జాన్ తోలు చేతితొడుగులు కుట్టి అమ్మేవాడు. కొడుకు జాతకం వేద్దామంటే పుట్టినరోజు ఎక్కడా రాసిలేదు. 1564 ఏప్రిల్ 26న చర్చిలో జ్ఞానస్నానం అయిందని మాత్రం ఉంది. పోయింది 1616 ఏప్రిల్ 23న. అందుకని పుట్టిందీ ఏప్రిల్ 23నే అని ఊరు తీర్మానించుకుంది. జయంతి, వర్ధంతి ఒకే పందిట్లో అయిపోతాయి, షామియానా ఖర్చు కలిసొస్తుంది.

స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే హెన్లీ వీధిలో షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు వస్తుంది. 1847లో వేలానికొస్తే చందాలెత్తి 3,000 పౌండ్లకి కొన్నారు. లోపల ఆగి చూడాల్సింది పురుటిగది కిటికీ. పాతకాలం యాత్రికులు ఆ గాజు మీద తమ పేర్లు గీకి పోయారు. వాల్టర్ స్కాట్, థామస్ కార్లైల్ లాంటి మహా రచయితల సంతకాలున్నాయట అందులో. ఆ కిటికీని ఊడదీసి భద్రంగా ప్రదర్శనకి పెట్టారు. గోల్కొండ గోడ మీద బాణం గుచ్చిన హృదయం గీసి, 'రాజు వెడ్స్ లత' అని రాసినవాణ్ని మనం అనాగరికుడంటాం. వాడికి కావాల్సింది ఓ రెండొందల ఏళ్ల టైము, అంతే.

పెరట్లో గడ్డం ఉన్న అర్ధవిగ్రహం ఒకటి కనిపిస్తుంది. దాంతో ఫొటో దిగి 'షేక్‌స్పియర్‌తో నేను' అని స్టేటస్ పెట్టేముందు కింద రాసింది చదవాలి. అది బెంగాలీ. ఆయన రవీంద్రనాథ్ ఠాగూర్, కలకత్తా నుంచి వచ్చిన కానుక.

తర్వాతి మజిలీ న్యూ ప్లేస్. 1597లో షేక్‌స్పియర్ కొనుక్కున్న పెద్ద ఇల్లు. ఇప్పుడక్కడ ఇల్లు లేదు. తర్వాతి యజమాని ఫ్రాన్సిస్ గాస్ట్రెల్ అనే పాదిరీ, పెరట్లో షేక్‌స్పియర్ నాటాడన్న మల్బరీ చెట్టు కోసం వచ్చేపోయే జనంతో విసిగి 1756లో చెట్టు కొట్టించాడు. ఊరివాళ్లు ఆయన కిటికీలు పగలగొట్టారు. పన్నుల తగాదా కూడా తోడై 1759లో ఇల్లే పడగొట్టి వెళ్లిపోయాడు. మిగిలిన స్థలంలో తోట వేసి టికెట్ పెట్టారు. ఖాళీ ప్లాటు చూపించి డబ్బు వసూలు చేయడం హైదరాబాదు వాళ్లకే తెలిసిన విద్య అనుకునేవాళ్లు ఇక్కడ గర్వభంగం చేయించుకోవాలి. అసలు లాభం చెట్టుది. థామస్ షార్ప్ అనే గడియారాల పనివాడు ఆ కర్ర కొని పెట్టెలు, బొమ్మలు చెక్కి అమ్మడం మొదలెట్టాడు. ఏళ్ల తరబడి అమ్మినా కర్ర అయిపోలేదు. ద్రౌపది అక్షయపాత్ర తర్వాత అంతటి మహిమ ఈ మొద్దుదే.

1769 సెప్టెంబరులో నటుడు డేవిడ్ గారిక్ ఇక్కడ షేక్‌స్పియర్ ఉత్సవం జరిపాడు. ఊరేగింపు అనుకున్నారు, బాణసంచా తెచ్చారు, జడివాన కురిసి ఏరు పొంగింది. మొత్తం ఉత్సవంలో షేక్‌స్పియర్ నాటకం ఒక్కటీ వేయలేదు. రచయిత పేరుమీద జరిగే సభలో రచన ఊసెత్తకూడదన్న సంప్రదాయం మనదే అనుకుంటాం గానీ అది అక్కడా ఉంది.

మధ్యాహ్న భోజనానికి పులిహోర దివ్యం. పెరుగన్నం మూత ఊడి బ్యాగులో చార్జరు మీద ఒలుకుతుంది, చపాతీ చలికి అట్ట అవుతుంది. ఏటి ఒడ్డున బల్ల మీద డబ్బా తెరవగానే హంసలు వస్తాయి. మన కావ్యాల్లో హంస నీళ్లు వదిలి పాలు తాగుతుంది. ఇక్కడి హంస మెడ చాచి పులిహోరలో పల్లీలు వెతుకుతుంది.

హోలీ ట్రినిటీ చర్చిలో సమాధి దగ్గరికి వెళ్లేటప్పుడు చందా అడుగుతారు. రాతిమీద పేరు లేదు, నాలుగు పాదాల శాపం ఉంది: ఎముకలు కదిపినవాడు నాశనమవుతాడని. చుట్టూ ఇంత వ్యాపారం జరుగుతుందని ముందే ఊహించిన మనిషి. భార్యకి వీలునామాలో ప్రత్యేకించి రాసిచ్చింది 'రెండో రకం మంచం'. పందిరి మంచం చుట్టాల కోసం ఉంచేవారనీ, ఆలుమగలు పడుకునేది రెండోదేననీ పండితులు సర్దిచెబుతారు. మన ఇళ్లలో అమ్మమ్మలకి నులక మంచమే దక్కిందని తెలిసినవాళ్లకి ఆ భాష్యం అక్కర్లేదు.

నిజం ఒప్పుకోవాలంటే, ఈ ఊళ్లో నటన లేనిది బల్లకట్టు ఒక్కటే. 1937 నాటిది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నీళ్లలో గొలుసు వేసి ఉంటుంది. పడవమీది మనిషి చేత్తో చక్రం తిప్పుతుంటే గొలుసు తడితడిగా పైకొచ్చి, పళ్ల మీదుగా కిర్రుమంటూ జారి మళ్లీ నీళ్లలోకి పోతుంది. గోదావరి పంటు ఎక్కినవాడికి పిల్లాట. అయినా చిల్లర డబ్బులకి దక్కే దర్శనం ఊళ్లో ఇదొక్కటే, చలికాలంలో అదీ ఉండదు.

నాటకం చూస్తే దోషం లేదు, కాకపోతే ఎవరూ చూడరు. 25 ఏళ్లలోపు వాళ్లకి పది పౌండ్ల టికెట్లున్నాయి. మధ్యాహ్నం ఆటకే వెళ్లాలి. రాత్రి ఆట వదిలేసరికి లండన్‌కి నేరుగా బండి దొరకకపోవచ్చు.

తిరుగు ప్రయాణంలో అసలు గండం ఫోను. టికెట్ అందులోనే, రైల్‌కార్డూ అందులోనే. పొద్దుట్నుంచి మూడొందల ఫొటోలు తీసి, ఇంటికి రెండు వీడియో కాల్స్ చేసిన ఫోను సరిగ్గా టీసీ వచ్చేసరికి నల్లబడుతుంది. చూపించలేకపోతే పెనాల్టీ పడొచ్చు: 2023 జనవరి నుంచి 100 పౌండ్లు, పైన సింగిల్ ఛార్జీ. 21 రోజుల్లో కడితే ఆ వంద యాభై అవుతుంది. అప్పటికి జీతం పడని వాడికి పూర్తి వందే, అంటే పైన చెప్పిన కూలి లెక్కన మళ్లీ ఎనిమిది గంటల పైచిలుకు పని. ఆ గంటలు ఏ వారంలో సర్దుకోవాలో మేనేజరుని ముందే అడిగి బండెక్కడం మంచిది.