సవరణ: ‘ది ఫార్మర్స్ డాటర్’ (1947)

ఈ సినిమా గురించి ముందు రాసిన పరిచయంలో, పనమ్మాయి కేటీ తన యజమాని గ్లెన్ మీదే పోటీ చేసి గెలిచినట్టు పడింది. కథ అలా నడవదు. గ్లెన్ (జోసెఫ్ కాటన్) అప్పటికే అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుడు. ఒక సభ్యుడు చనిపోయి ఖాళీ అయిన మరో సీటుకు గ్లెన్ పార్టీ ఫిన్లీ అనే అతన్ని నిలబెడుతుంది. ప్రచార సభలో కేటీ లేచి ఫిన్లీని గుక్క తిప్పుకోనివ్వని ప్రశ్నలు అడుగుతుంది. అది చూసి ప్రత్యర్థి పార్టీ ఆమెకే టికెట్ ఇస్తుంది. ఈ మెలిక పోతే ప్రేమకథలో చిక్కే ఉండదు: ప్రేమించిన మనిషి అవతలి పార్టీ, పైగా జీతమిచ్చే ఇల్లు!

కథ మూలం కూడా హాలీవుడ్‌ది కాదు. ఫిన్లాండ్ రచయిత్రి హెల్లా వుయోలియోకి రాసిన నాటకం అది. 1937లోనే అక్కడ సినిమాగా వచ్చింది. హాలీవుడ్ కేటీని మిన్నెసోటా స్వీడిష్ రైతుబిడ్డగా మార్చింది.

కేటీగా నటించిన లొరెట్టా యంగ్‌కు ఉత్తమ నటి ఆస్కార్ వచ్చిన మాట సరైనదే. బట్లర్ వేషం వేసిన చార్లెస్ బిక్‌ఫర్డ్‌కు మాత్రం నామినేషన్ వరకే. ఆ పాత్ర ముక్కుసూటి మాటలకు అవార్డిచ్చినా తప్పులేదు. 1963లో మొదలైన టీవీ సీరియల్‌లో కేటీగా వేసింది ఇంగర్ స్టీవెన్స్, లొరెట్టా కాదు.