మడతపేచీ నంబరు 22 గారికి

గౌరవనీయులైన శ్రీ, శ్రీమతి, కుమారి లేదా దంపతులైన 22వ మడతపేచీ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. 1961లో 'క్యాచ్-22' అనే పుస్తకంగా వచ్చిన దగ్గర్నుంచి మీకు జలుబు కూడా చేసినట్టు లేదు.

సంబోధన ఇలా ఏడిచిందేమిటని కోప్పడకండి. మీ నవల్లోని కల్నల్ క్యాత్‌కార్ట్ గారి దగ్గర నేర్చుకున్నదే. సైనికుల ఇళ్ళకు సానుభూతి ఉత్తరాలు రాయాల్సి వస్తే ఆయన ఒకే నమూనా తయారుచేయించి పెట్టుకుంటారు కదా. మీ భర్త, కొడుకు, తండ్రి లేదా సోదరుడు చనిపోయినందుకు, గాయపడినందుకు లేదా కనిపించకుండా పోయినందుకు నా బాధ మాటల్లో చెప్పలేను, అని. వర్తించనివి కొట్టేసే ఓపిక కూడా లేని బాధ అది.

ముందుగా అభినందనలు. జోసెఫ్ హెల్లర్ గారి 'క్యాచ్-22' నవల్లోంచి బయటపడి బాగుపడింది మీరొక్కరే. పాపం ఆ కథానాయకుడు యొస్సారియన్ ఇంకా అందులోనే కాలేయం నొప్పి అని చెప్పి ఆస్పత్రిలో పడుకుంటున్నాడు. మీరు మాత్రం ఇంగ్లిష్ నిఘంటువులో పర్మనెంటు ఉద్యోగం కొట్టేశారు. అసలు మీ నంబరు 18 అని ఎంతమందికి తెలుసు? 1955లో మొదటి అధ్యాయం విడిగా అచ్చయినప్పుడు ఆ నంబరే. తీరా పుస్తకం వచ్చే ఏడాది లియాన్ యూరిస్ 'మిలా 18' అనే నవల వస్తోందని తెలిసి మిమ్మల్ని 22 చేశారు. నంబరు మార్చుకుంటే దశ తిరుగుతుందని చెప్పే మా న్యూమరాలజీ సిద్ధాంతులు మిమ్మల్ని ఎందుకు ఉదాహరణగా చూపించరో నాకు అర్థం కాదు.

మిమ్మల్ని ఎరగని వాళ్ళ కోసం ఒక ముక్క. రెండో ప్రపంచ యుద్ధం, ఇటలీ పక్కన పియనోసా దీవి, అమెరికా బాంబర్ దళం. పిచ్చివాణ్ణి విమానం ఎక్కించకూడదని రూలు. కానీ దించమని వాడే వచ్చి అడగాలి. అడిగాడంటే ప్రాణభయం ఉన్నట్టు. ప్రాణభయం ఉన్నవాడికి పిచ్చేమిటి? ఎక్కు విమానం. ఈ చివరి ముక్క మీరు.

నిజం చెప్పొద్దూ, మొదటిసారి చదివినప్పుడు నాకేం ఆశ్చర్యం కలగలేదు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. ఈ సామెత మా నాయనమ్మ నోట్లో రోజుకు రెండుసార్లు ఆడేది. పిచ్చి దగ్గర్నుంచి మెలిక దాకా అన్నీ ఉన్నాయి, నంబరు ఒక్కటే తక్కువ. అందుకేనేమో తెలుగు పాఠకులు మిమ్మల్ని చూడగానే దూరపు చుట్టం ఇంటికొచ్చినట్టు నవ్వుతారు. అనుభవం ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే అనుభవం, అచ్చం క్యాచ్-22 అండీ అంటారు. అలా అన్నవాళ్ళను పుస్తకం చదివారా అని అడిగి చూశాను. కొన్నారట. మా సామెతలో కుర్రాడికి మహా అయితే పెళ్ళి కాదు, అరుగు మీద కూర్చుని బతికే ఉంటాడు. మీ దగ్గర అలా కాదన్న సంగతి కొన్నవాళ్ళకు ఇంకా చేరలేదు.

వాళ్ళను తప్పు పట్టలేం. చదివేవాళ్ళ కోసం మీరు విడిగా ఒక మెలిక పెట్టారు. ఈ నవల అర్థం కావాలంటే రెండోసారి చదవాలి. రెండోసారి చదవాలంటే మొదటిసారి పూర్తిచేయాలి. పూర్తిచేయాలంటే కాస్తో కూస్తో అర్థం కావాలి. నలభై రెండు అధ్యాయాలు. ముందు చచ్చినవాడు తరువాత అధ్యాయంలో భోజనం చేస్తుంటాడు. క్యాత్‌కార్ట్ గారు ఇన్ని మిషన్లు, అంటే బాంబు దాడులు, ఎగిరితే ఇంటికి పంపిస్తాం అంటారు, కుర్రాళ్ళు ఆ లెక్క దగ్గరకు రాగానే ఇంకో ఐదు పెంచుతారు. నా అనుమానం, నేను నిద్రపోయాక ఆయనే వచ్చి నా పుస్తకంలో పేజీలు కూడా పెంచి వెళ్ళేవారు. రెండుసార్లు 90వ పేజీ దగ్గర నేలకూలాను.

ఇది నా ఒక్కడి చేతకానితనం అనుకునేవాణ్ణి. తరువాత తెలిసింది, మొదట్లో మహామహులే తిట్టారని. 'న్యూయార్కర్' పత్రిక సమీక్షకుడికి అది రాసినట్టు లేదు, కాగితం మీదకు అరిచినట్టు ఉంది. నాకు నచ్చింది మాత్రం ఎవిలిన్ వా గారి జవాబు. ఆయన బ్రిటిష్ వ్యంగ్య నవలకు పెద్దదిక్కు. అట్ట మీద వేసుకోవడానికి నాలుగు మంచి మాటలు రాయండి బాబూ అని ప్రచురణకర్తలు పుస్తకం పంపితే, ఇది నవలే కాదు, చెప్పిందే చెప్పే తునకల మూట అన్నారు. అంతటితో ఆగలేదు. కావాలంటే నా పేరుతో ఇలా వేసుకోండి అని తనే ఒక వాక్యం ఇచ్చారు: అమెరికా అధికారుల అవినీతిని, పిరికితనాన్ని, మొరటుతనాన్ని ఇలా బయటపెడితే నాబోటి మీ మిత్రులకు ఒళ్ళు మండుతుంది, మీ శత్రువులకు హాయిగా ఉంటుంది, అని. ఇంతకంటే మంచి అట్ట వాక్యం ఏ పుస్తకానికైనా దొరుకుతుందా చెప్పండి.

హెల్లర్ కోర్సికా దీవి నుంచి బి-25 బాంబర్ విమానంలో 60 మిషన్లు ఎగిరిన మనిషి. తనకు చెడ్డ అధికారి ఒక్కడూ తగల్లేదని ఆయనే చెప్పుకున్నారు. మరి ఈ కల్నల్‌లు ఎక్కణ్ణుంచి వచ్చారయ్యా అంటే, రాస్తున్న కాలం 1950లు. ఎవడు దేశభక్తుడో ఎవడు కాదో సంతకాలతో తేల్చే రోజులు. ఆ సంతకాలు నవల్లోకీ వచ్చాయి. భోజనాల బల్ల మీద ఉప్పూ మిరియాలూ కావాలన్నా విధేయత ప్రమాణం చేయాల్సిందే. పుస్తకం వచ్చాక కొన్నేళ్ళకు వియత్నాం ముదిరింది. కాలేజీ పిల్లలు ఇది మా యుద్ధం గురించే అన్నారు, యొస్సారియన్ బతికే ఉన్నాడని బ్యాడ్జీలు పెట్టుకుని తిరిగారు.

ఒహైయో రాష్ట్రంలోని స్ట్రాంగ్స్‌విల్ పెద్దలకు ఇది నచ్చలేదు. అక్కడి స్కూల్ బోర్డు 1972లో బడి లైబ్రరీ నుంచి పుస్తకాన్ని తీయించింది. 1976లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. పాఠంగా పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం, బీరువాలోంచి నచ్చలేదని తీసేయడం మాత్రం కుదరదు. బళ్ళో ఉండొచ్చు, చెప్పకపోవచ్చు. తీర్పులో మీ చెయ్యి ఏమన్నా ఉందా?

మా బాబాయి సంగతి చెప్పాలి. రిటైరైన మనిషి. నా దగ్గర పుస్తకం లాక్కుని డాక్ డానీకా అధ్యాయం ఒక్కటే చదివారు. అలవెన్సు కోసం ఎక్కని విమానం జాబితాలో పేరు రాయించుకున్న డాక్టరు అతను. విమానం కూలింది. జాబితాలో పేరుంది కాబట్టి డాక్టరు పోయాడు. ఎదురుగా నిలబడి బతికే ఉన్నానని మొత్తుకుంటున్నా సరే. అక్కడ ఇల్లాలికి ఇన్సూరెన్సు డబ్బులు, పైన చెప్పిన నమూనా ఉత్తరమూ అందాయి. మేం పడీపడీ నవ్వే చోటు ఇది. బాబాయి నవ్వలేదు. ప్రతి నవంబరులో తను బతికున్నట్టు సర్టిఫికెట్ ఇచ్చుకునే పెన్షనరు ఆయన. ఒక ఏడాది అది ఎక్కడో తప్పిపోయి పెన్షన్ ఆగితే స్వయంగా వెళ్ళి నిలబడ్డారు. కౌంటర్లో అబ్బాయి చాలా మర్యాదగా, "మీరు నాకు కనిపిస్తున్నారండీ, సిస్టమ్‌లో కనపడాలి కదా" అన్నాడట. "ఇందులో వ్యంగ్యం ఏముందిరా, ఉన్నదున్నట్టు రాశాడు" అని పుస్తకం నా చేతిలో పెట్టేశారు.

నేను మూడోసారికి గట్టెక్కింది ఇంకొక పాఠకుడి పుణ్యాన. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం పాత ప్రతి కొన్నాను. ఎవరో పెన్సిలుతో మార్జిన్ నిండా రాసుకున్నారు, ముత్యాల్లాంటి తెలుగులో. "భలే." "వీడెవడు?" "ముందు పోయాడుగా!" "మళ్ళీ మొదటికొచ్చాడు." దళానికి మెస్ నడుపుతూ వ్యాపారం పెట్టిన మైలో మైండర్‌బైండర్ జర్మన్లతో కాంట్రాక్టు కుదుర్చుకుని సొంత దళం మీదే బాంబులు వేయించే చోట "లాభం ఎంత?" అని రాసి, అంతకుముందు వంతెన కాంట్రాక్టులో ఖర్చుకు పైన ఆరు శాతం అన్న చోట గీత గీశారు. ఆ పెన్సిలు వెనకాలే నడిచాను.

రోమ్ అధ్యాయం నుంచి పెన్సిలు పలచబడింది. అక్కడ ముసలావిడ చెప్తుంది. సైనికులు వచ్చి ఆడపిల్లలందరినీ వీధిలోకి తరిమేశారు. ఏ హక్కుతో అంటే మీ పేరు చెప్పారట. చూపించమని అడగలేదా అంటే, చూపించక్కర్లేదని మీలోనే రాసి ఉందట. ఆ పేజీలో ఒక్క ప్రశ్నార్థకం ఉంది.

41వ అధ్యాయంలో అసలు ఏమీ రాయలేదు. ఫ్రాన్సులోని అవిన్యో మీద ఎగిరే విమానం వెనక భాగంలో స్నోడెన్ అనే కుర్రాడు చలేస్తోంది, చలేస్తోంది అంటుంటాడు. యొస్సారియన్ తొడ మీద గాయానికి కట్టు కడతాడు. మందుల పెట్టెలో మార్ఫిన్ ఉండదు, మైలో కంపెనీకి ఏది మంచిదో దేశానికీ అదే మంచిదని చీటీ ఉంటుంది. అసలు గాయం తొడ మీద కాదు, జాకెట్ కింద. మొదటి అధ్యాయాల నుంచి నవల చుట్టూ తిరుగుతూ చెప్పలేకపోయినది ఇదే. మీ పేరు చెప్పి నవ్విన ఎవరి నోటా స్నోడెన్ పేరు నేను వినలేదు. మీ మీద నా ఫిర్యాదు కూడా ఇదొక్కటే.

ఆ పేజీలో పెన్సిలు లేదు గానీ, పై మూల మడిచి ఉంది. చాలాసార్లు తెరిచి మళ్ళీ అక్కడే మడిచినట్టు కాగితం మెత్తబడి, చిరగడానికి సిద్ధంగా ఉంది. దాన్ని నేను తిన్నగా చేయలేదు.

ఇట్లు,
వాషింగ్టన్ ఇర్వింగ్

(ఆస్పత్రిలో ఇతరుల ఉత్తరాలు సెన్సార్ చేసేటప్పుడు యొస్సారియన్ పెట్టిన సంతకం ఇదే. ఇది విసుగొచ్చినప్పుడు ఇర్వింగ్ వాషింగ్టన్ అని పెట్టేవాడు. జవాబు రాస్తే ఇద్దరిలో ఎవరికైనా రాయండి.)