గల్లా ఎవరు లెక్కపెట్టారు?

ఒడిశాలోని బరంపురంలో డిగ్రీ చదివేటప్పుడు రెండేళ్ళు ఒక సూపర్‌మార్కెట్‌లో పార్ట్‌టైమ్ చేశాను. సాయంత్రం ఐదింటి నుంచి తొమ్మిదింటి దాకా బిల్లింగ్ కౌంటర్. పార్ట్‌టైమ్ వాళ్ళకి అన్యాయం జరుగుతోందంటే ఎవరైనా ముందు జీతం గురించే మాట్లాడతారు. జీతం తక్కువే, కాదనను. కానీ అక్కడ పనిచేసినన్నాళ్ళూ నా కడుపు మండింది జీతానికి కాదు, షార్టేజ్‌కి, అంటే రాత్రి లెక్కలో గల్లా డబ్బు తక్కువ రావడానికి.

పొద్దుటి నుంచి ఆ కౌంటర్‌లో ఉన్న పర్మినెంట్ మనిషి ఐదు కాగానే టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయేవాడు. నేను అదే గల్లా ముందు నిలబడేవాణ్ణి. అప్పటికే ఎదురుగా ఏడెనిమిది మంది లైన్లో ఉంటారు. గల్లాలో ఎంత ఉందో ఆయన లెక్కపెట్టి ఇవ్వలేదు, నేను లెక్కపెట్టి తీసుకోలేదు, కంప్యూటర్‌లో లాగిన్ కూడా ఆయనదే నడుస్తూ ఉంటుంది. రాత్రి క్లోజింగ్‌లో 340 రూపాయలు తక్కువొచ్చిందనుకోండి, అక్కడ నిలబడి ఉన్నది ఎవరు? నేనే కదా. నా పేరు మీద రాసేసి జీతంలో కోసేవారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు అదే పెట్టెలో ఇంకొకరు చిల్లర తీశారన్న సంగతి ఆ టైములో ఎవరికీ గుర్తుండదు.

పైగా తప్పు జరిగే అవకాశం ఎక్కువున్న గంటలు కూడా అవే. ఆఫీసులు వదిలేది అప్పుడే, ఇచ్ఛాపురం వైపు నుంచి పెళ్ళి సామాన్లకని వచ్చిన కుటుంబాలు బస్సుకో రైలుకో తొందరపడుతూ బిల్లు వేయించుకునేదీ అప్పుడే. వాళ్ళలో చాలామందికి ఒడియా రాదు, కౌంటర్‌లోని ఒడియా వాళ్ళలో కొందరికి తెలుగు రాదు. "ఆ తెలుగు అబ్బాయిని పిలవండి" అంటారు. నా బిల్లింగ్ మధ్యలో వదిలేసి పరిగెత్తి, ఆఫర్ ఏంటో, మార్చుకోవడం ఎందుకు కుదరదో వాళ్ళకి చెప్పి వచ్చేసరికి నా గల్లాలోంచి ఎవరో పక్క కౌంటర్‌కి చిల్లర తీసి ఉంటారు. చీటీ ఉండదు. అంటే రెండు భాషలు రావడం షాపుకి లాభం, నా జేబుకి చిల్లు. మన సరిహద్దు ఊళ్ళలో, బరంపురమైనా పర్లాకిమిడైనా రాయగడైనా, రెండు భాషలూ వచ్చిన పిల్లల్ని షాపుల వాళ్ళు వెతికి మరీ పెట్టుకుంటారు. ఆ భాషకి జీతంలో విడిగా ఒక్క రూపాయి కలిపిన చోటు నాకు కనబడలేదు.

షిఫ్టుల సంగతీ ఇంతే. జూన్‌లో రజ పండక్కి ఒడియా పర్మినెంట్లకు సెలవు, సంక్రాంతికి తెలుగు పర్మినెంట్లకు సెలవు. రెండు పండగలూ వేర్వేరు నెలల్లో వస్తాయి కాబట్టి నువ్వు నాకు, నేను నీకు అని సర్దుకుంటే ఎవరి పండగా చెడదు, నిజానికి వాళ్ళలో వాళ్ళు అలా చక్కగా సర్దుకుంటారు కూడా. పార్ట్‌టైమ్ వాళ్ళం మాత్రం రెండు పండగలకీ కౌంటర్ దగ్గరే. డ్యూటీ చార్ట్ ముందు రోజు రాత్రి ఫోన్‌లో వచ్చేది, కాదంటే వచ్చే వారం గంటలు తగ్గిపోయేవి. గంటలు తగ్గితే కాలేజీ ఫీజు ఆగుతుంది, అందుకే నోరెత్తేవాళ్ళం కాదు.

పర్మినెంట్ వాళ్ళ వైపు నుంచి కూడా చెప్పాలి. స్టాక్ దించేది వాళ్ళు, తాళాలు వాళ్ళ దగ్గర, ఆడిట్ వస్తే మాటలు పడేదీ వాళ్ళే. మేం పరీక్షలనగానే మానేస్తాం, ఆ బరువు వాళ్ళ మీదే పడుతుంది. ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్ళు పండగ సెలవు ముందు అడగడంలో తప్పేమీ లేదు, సీనియారిటీకి విలువ ఉండాలనే నేనూ అంటాను. కానీ సెలవులో సీనియారిటీ వేరు, షార్టేజ్‌లో సీనియారిటీ వేరు. పోయిన డబ్బు ఎవరి చేతిలో పోయిందో తెలియనప్పుడు అందరికంటే కొత్తగా వచ్చినవాడి జీతంలో కోయడం ఏ పద్ధతి?

చట్టం దీని గురించి ఎప్పుడో చెప్పింది. 1936లో, బరంపురం ఉన్న మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చిన ఏడాదే, వేతనాల చెల్లింపు చట్టం చేశారు. డబ్బు పోయిందని జీతం కోయాలంటే అది ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే నేరుగా పోయి ఉండాలి, కోసే ముందు అతను చెప్పేది వినాలి, పోయినదానికంటే ఎక్కువ కోయకూడదు. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఈ రక్షణలు అలాగే ఉన్నాయి. అందులోనే ఇంకోటి ఉంది. రోజు లెక్కన కనీస వేతనం ఉన్న మనిషి పనికి సిద్ధంగా ఉన్నా, యజమాని పని చూపించలేక మధ్యలో పంపేస్తే, సాధారణంగా రోజంతటి జీతం ఇవ్వాల్సిందే. వాన పడి గిరాకీ లేదని ఏడింటికే ఇంటికి పంపి రెండు గంటలు కొట్టేసిన రోజులు మాకు లెక్కలేనన్ని. ఈ మాట మాలో ఒక్కరికి కూడా తెలియదు. చేరేటప్పుడు చేతికి ఒక్క కాగితం ఇచ్చి ఉంటే కదా, దాన్ని పట్టుకుని అడగడానికి.

నా గొడవ తీర్చింది చట్టం కాదు, నా ముందు షిఫ్ట్‌లోకి మారిన ఒక ఒడియా అక్క. మొదటి రోజే ఐదుకి పది నిమిషాల ముందు నన్ను పిలిచి, కౌంటర్ ఆపు బోర్డు పెట్టి, నోట్లన్నీ నా ఎదురుగా లెక్కపెట్టి, బిల్లు రోల్ వెనకాల మొత్తం రాసి సంతకం చేసింది. నా చేత కూడా చేయించింది. లైన్లో ఉన్నవాళ్ళు గొణిగారు, సూపర్‌వైజర్ విసుక్కున్నాడు. ఆమె కదల్లేదు. "రేపు నీ మీద పడితే నాకు నిద్ర పట్టదు" అంది తన వచ్చీరాని తెలుగులో. ఆ తర్వాత ఆరు నెలలు నా పేరు మీద షార్టేజ్ రాలేదు. ఒకసారి ఆమె పూటలో 200 తక్కువొస్తే తన పేరు మీదే రాయించుకుంది.

మొన్న మా చెల్లెలు వేరే షాపులో సాయంత్రం షిఫ్ట్‌కి చేరింది. జీతమెంతో, యూనిఫాం ఏ రంగో సంబరంగా చెప్పుకొచ్చింది. ఐదింటికి గల్లా ఎవరు లెక్కపెట్టి ఇస్తారని అడిగాను.

"అదేంటన్నయ్యా, అలా ఇవ్వాలా?" అంది.