పన్ను కట్టిన పాఠకుడి పుస్తకం

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఏ రోజు చూసినా కుర్చీ దొరకడం కష్టం. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యే యువతీయువకులు సొంత పుస్తకాలు, సొంత నోట్సు తెచ్చుకొని రాత్రి దాకా అక్కడే చదువుకుంటారు. ఇరుకు గదుల్లో అద్దెకుండే ఆ పిల్లలకు గ్రంథాలయం నీడనివ్వడం ఈ నగరం చేస్తున్న మంచి పనుల్లో ఒకటి. వారి చోటును ఒక్క అంగుళమైనా తగ్గించమని మేము అనం. మేము మాట్లాడదలచింది ఏ పరీక్షా రాయని మరో పాఠకుడి గురించి. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, కిరాణా దుకాణం నడిపే మనిషి, పిల్లలను బడికి పంపి ఓ గంట తీరిక చేసుకొని వచ్చే తల్లి — తమ చుట్టూ జరుగుతున్నదేమిటో తెలుసుకోవాలని వచ్చే వీరి కోసం మన గ్రంథాలయాల్లో కొత్త పుస్తకం ఎంత అరుదుగా చేరుతోందో అధికారులు ఆలోచించాలి.

కథ, నవల, కవిత్వం కానివి, పాఠ్యపుస్తకాలూ కానివి అయిన రచనల గురించే ఈ మాట. చరిత్ర, విజ్ఞానం, ఆరోగ్యం, చట్టం, ఆర్థికం, జీవిత చరిత్రలు — సామాన్య పాఠకుడికి అర్థమయ్యేలా, నిపుణులు మెచ్చేలా రాసిన ఈ పుస్తకాలనే విషయ గ్రంథాలు అంటున్నాం. వీటి అవసరం ఎంతటిదో హైదరాబాద్ వాసికి వేరే చెప్పనక్కర్లేదు. చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రా 2024లో ఏర్పడిన నాటి నుంచి ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు టీ బంకుల దాకా వచ్చాయి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎంతవరకు పరుచుకుంటుందో ఆ హద్దే ఎఫ్‌టీఎల్ అని, దాని చుట్టూ కట్టడాలు కూడని మేర బఫర్ జోన్ అని, 1908 సెప్టెంబరులో మూసీ వరద ముంచెత్తిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలోంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పుట్టాయని, ఆ రెండు జలాశయాలకూ నేటి వివాదాలకూ సంబంధం ఉందని ఒక క్రమంలో చెప్పే తెలుగు పుస్తకం చేతికందితే, ఇల్లు కొనబోయే కుటుంబం దళారి మాటకు ముందు ఆ పుస్తకాన్ని నమ్ముకుంటుంది. టీవీ చర్చలో అరుపులు వినిపిస్తాయి, ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా సమాచారం దొరుకుతుంది. ఒక విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా కారణాలతో సహా విప్పి చెప్పే ఓపిక ఇంకా పుస్తకానికే ఉంది.

నవలకు వయసు మీదపడదు. వందేళ్ల నాటి నవలను ఈరోజు చదివినా దాని సత్యం దానికి ఉంటుంది. విషయ గ్రంథం సంగతి అలా కాదు. 2006కు ముందు అచ్చయిన ఖగోళ పుస్తకంలో ప్లూటో ఇంకా తొమ్మిదో గ్రహమే. 2014కు ముందరి భౌగోళిక పుస్తకంలో తెలంగాణ రాష్ట్రమే ఉండదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక పాత పన్నుల పుస్తకాలు, 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక పాత శిక్షాస్మృతి వివరణలు చాలావరకు చరిత్ర పరిశోధకులకే పనికొస్తాయి. ఠాణాలో తనవాళ్లపై పెట్టిన సెక్షన్ ఏమిటో తెలుసుకోవాలని వచ్చిన మనిషికి పాత పుస్తకం తప్పుదారి చూపుతుంది. వైద్యం విషయంలో ఆ తప్పుదారి ప్రాణాల మీదకు తెస్తుంది. కాబట్టి ఈ బీరువాలను అయిదారేళ్లకోసారి టోకుగా నింపి వదిలేస్తే చాలదు. పాతబడిన వాటిని తీసి భద్రపరచడం, కొత్తవాటిని తెచ్చి పెట్టడం ఏడాది పొడవునా సాగాల్సిన పని. గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి అని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు.

ఇది మనకు తెలియని విద్య కాదు. 1901లో ఈ నగరంలోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. దాని స్థాపనలో ముందున్న కొమర్రాజు లక్ష్మణరావు 1906లో ఇక్కడే విజ్ఞానచంద్రికా మండలిని ప్రారంభించి, తెలుగులో చరిత్ర, శాస్త్ర గ్రంథాలు వరసగా అచ్చువేయించారు. మండలి తొలి ప్రచురణ నవల కాదు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. ఉర్దూ రాజభాషగా ఉన్న సంస్థానంలో, తెలుగు బడులు వేళ్ల మీద లెక్కించదగిన కాలంలో, బానిసత్వాన్ని రద్దు చేసిన ఒక పరదేశ నాయకుడి జీవితాన్ని తెలుగు పాఠకుడి ముందు పెట్టాలన్న ఆ ఊహే ఎంత గొప్పది! అర్ధశతాబ్దం తరువాత, 1955లో, తెలుగుకు దక్కిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు వచ్చింది. అదీ విషయ గ్రంథమే. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ కూడా ఇదే దారిలో అనువాదాలను తక్కువ ధరకు అందించింది. రాసేవారికి, అనువదించేవారికి, అచ్చువేసేవారికి ఈ ఊరు కొత్త కాదు. వారి శ్రమ గ్రంథాలయపు గడప దాటి లోపలికి రావడంలోనే ఆలస్యమవుతోంది. ఏటా పుస్తక ప్రదర్శనలో కొత్త పుస్తకాలు కొనుక్కునే స్తోమత ఉన్నవారు కొనుక్కుంటారు. మూడు, నాలుగు వందల ధర చూసి పుస్తకాన్ని తిరిగి బల్ల మీద పెట్టేసే పాఠకుడికి గ్రంథాలయమే దిక్కు.

డబ్బు లేదనే మాట ఇక్కడ పూర్తిగా చెల్లదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. 5,000 రూపాయల పన్ను కట్టే ఇంటి నుంచి ఏటా 400 రూపాయలు పుస్తకం పేరిట వెళ్తున్నాయి. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయాలి, జమ ఎంత అయిందో ప్రజలకు కనిపించేలా ప్రకటించాలి. కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972 నుంచి రాష్ట్రాలు పెట్టే వాటాకు తోడుగా నిధులిస్తోంది. రాష్ట్రం తన వాటాను వేళకు జమచేస్తే అటు నుంచీ పుస్తకాలు వస్తాయి.

పుస్తకాల కొనుగోలు నిధిలో ఒక స్థిరమైన వాటాను, గడచిన రెండేళ్లలో వెలువడిన తెలుగు విషయ గ్రంథాలకు కేటాయించాలని మేము కోరుతున్నాం. ఇది హైదరాబాద్ గనుక ఉర్దూ పాఠకులకూ ఆ వాటాలో న్యాయమైన భాగం ఉండాలి. కొనుగోలు మూడు నెలలకోసారి జరగాలి. ఎంపిక సంఘంలో రచయితలు, ప్రచురణకర్తలే కాక శాస్త్రవేత్త, వైద్యుడు, న్యాయవాది, రోజూ వచ్చే పాఠకుడు ఒకరైనా ఉండాలి. ఎంచిన, తిరస్కరించిన పుస్తకాల జాబితాలు రెండూ బయట పెట్టాలి. పాఠకుడు కావలసిన పుస్తకం పేరు రాసే రిజిస్టరు ఒకటి ప్రతి శాఖలో ఉండి, అడిగిన పుస్తకం తెచ్చారో లేదో అందులోనే జవాబు రాయాలి.

జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14న మొదలవుతాయి. 1891లో అసఫియా గ్రంథాలయంగా పుట్టి, 1936 నుంచి మూసీ ఒడ్డున తన సొంత భవనంలో నిలిచిన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనూ, చిక్కడపల్లిలోనూ, వాడవాడల శాఖల్లోనూ ఈసారి ఆ రోజుకు ప్రవేశద్వారం దగ్గరే ఒక బల్ల వేసి, ఆ ఏడాది వచ్చిన పుస్తకాలను ముఖపత్రాలు కనిపించేలా పేర్చాలి. తాళం వేసిన గాజు బీరువాలో కాదు, చేత్తో తీసుకొని రెండు పేజీలు తిరగేసి ఇంటికి పట్టుకెళ్లగలిగేలా.