గంప మోసే మేనమామ కుంచె శాస్త్రం

పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావడం మేనమామ హక్కు. ఆ హక్కు దక్కే ముందు, ఆమె అలంకరణ పూర్తయ్యే దాకా గది బయట కుర్చీలో కూర్చోవడం అతని విధి. ఇది రాజ్యాంగంలో లేదు గానీ కోనసీమలో అమలులో ఉంది. మొన్న వైశాఖంలో అమలాపురం దగ్గర మా అక్క కూతురి పెళ్లిలో ఈ విధి నిర్వహణకు నాకు మూడున్నర గంటలు పట్టింది. గాలి ఆడడం లేదని తలుపు తెరిచే ఉంచారు. చూడగా చూడగా మేకప్ కుంచెల విషయంలో నాకు జ్ఞానోదయమైంది. అది నాతోనే పోకూడదని ఈ వ్యాసం.

ముందుగా జాతి దుస్థితి. మన డెల్టా మనిషి కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి నీళ్ల చప్పుడు వినకుండా కొనడు. విత్తనాలను ఉప్పునీటిలో వేసి, తేలినవాటిని పారబోస్తాడు. రొయ్యపిల్లలను ల్యాబులో పరీక్ష చేయించి గానీ చెరువులో వదలడు. ఇంతటి పరీక్షాధికారి కూతురికి మేకప్ కుంచెలు కొనేటప్పుడు అడిగే ప్రశ్న ఒక్కటే: పెట్టెలో ఎన్ని ఉన్నాయి? 24 అని చెబితే ముఖం వికసిస్తుంది. పెట్టె గులాబీ రంగుదైతే బేరం కూడా ఆడడు.

మా అక్క ఇంట్లో అలాంటి పెట్టె ఒకటి ఉంది. ఆ 24 కుంచెలలో ఉద్యోగం దొరికినవి మూడు. లావుపాటిది పౌడరుకు, బుగ్గల రంగుకూ అదే, పండగ రోజున మెరుపు పొడికీ అదే. సన్నటిది కుట్టుమిషనులో ఇరుక్కున్న నూలుపోగులు దులపడానికి. విసనకర్ర ఆకారంలో ఉన్నది దేవుడి గూటిలో రాలిన పసుపు, విభూతి ఊడవడానికి. ఈ మూడోదాన్ని చూసి బ్యూటీషియన్ నిర్ఘాంతపోయింది. కంటి కింద రాలిన రంగుపొడిని అలుక్కుపోకుండా తుడిచేయడం ఆ కుంచె చేసే పనుల్లో ముఖ్యమైనదట. అంటే ఆ ఇంట్లో శాస్త్రోక్తంగా వాడుతున్నది అదొక్కటే, అదీ దేవుడి దగ్గర. మిగిలిన 21 గ్లాసులో నిలబడిన నిరుద్యోగులు.

ఇక ఎంపిక. మొదట గోత్ర విచారణ జరగాలి. కుంచెలలో మేక గోత్రం, ఉడుత గోత్రం, నైలాను గోత్రం వగైరా ఉన్నాయి. జంతువు వెంట్రుక మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. పొడి వాటిని పట్టుకుని, ముఖం మీదికి కొద్దికొద్దిగా దిగుతుంది. కృత్రిమ పోగు నున్నగా ఉంటుంది, ద్రవాన్ని పీల్చుకోదు. కనుక పౌడరుకు మేకనో ఉడుతనో ఇచ్చి చేయాలి. ముఖానికి తడిగా వేసే తొలిపూత ఫౌండేషనుకు, క్రీములకు నైలాను సంబంధం చూడాలి. తారుమారైతే ఫౌండేషనులో సగం కుంచె తాగేస్తుంది, మిగతా సగం ముఖాన చారలు కడుతుంది. ఈమధ్య మంచి రకం కృత్రిమ కుంచెలు పొడినీ బాగానే మోస్తున్నాయి. శాఖాంతర వివాహాలకు నేను అడ్డు చెప్పను.

తరువాత పెళ్లిచూపులు. కుంచెను ముంజేతి మీద పదిసార్లు ఆడించాలి. వెంట్రుకలు రాలితే సంబంధం వద్దు. చూపులనాడే రాలేది కాపురంలో ఏం నిలుస్తుంది? నొక్కి వదిలితే తిరిగి నిలబడాలి. కొసలు గుచ్చుకోకూడదు. జపాన్‌లో హిరోషిమా దగ్గర కుమానో అనే ఊరు కుంచెలకే పేరు పడింది. అక్కడి పనివారు కొసలను కత్తిరించి గుండ్రం చేయరు, కొసలు కుదిరేలా వెంట్రుకలను పేర్చి ఆకారం తెస్తారు. మన దగ్గర ఆ మాట చెబితే, కత్తిరింపు కూలి మిగిలింది కదా, ధర తగ్గించమంటాం.

పూత విషయంలో మనవాళ్లకు క్షమ లేదు. ఆత్రేయపురంలో పూతరేకు తీసే ఆవిడను చూడండి. పలచటి పిండినీళ్లలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద ఒక్కసారి లాగుతుంది. రెండోసారి రుద్దదు. రుద్దితే అది రేకు కాదు, దిబ్బరొట్టె. 2023లో ఆ రేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఇచ్చినవారు మన పెళ్లి వీడియోలు చూసి ఉండరు.

అంతకంటే సిగ్గుచేటు మెడ సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువ చివరి చేను దాకా నీరు పారించడం మన విద్య. శివారు భూములకు నీరందకపోతే రోడ్డు మీద బైఠాయిస్తాం. ఫౌండేషను మాత్రం దవడ దగ్గర గట్టు వేసుకుని ఆగిపోతుంది, మెడ ఎండిపోతుంది. ఆ గట్టు తెగేదాకా కుంచెను కిందికి నడిపించాలని ఏ ఇంజనీరూ మన ఆడపిల్లలకు చెప్పలేదు.

కడగడం గురించి నేను చెప్పను, జరిగింది చెబుతాను. పెళ్లి ముందురోజు రాత్రి మా అక్క భక్తిగా ఆ 24 కుంచెలనూ కడిగి, జుట్టు పైకి ఉండేలా గ్లాసులో వరినారులా నిలబెట్టింది. నీరు పల్లమెరుగు. జుట్టులోని నీరంతా కిందికి దిగి, వెంట్రుకలను పట్టి ఉంచే లోహపు పట్టీలోకి చేరింది. పట్టీలో ఉండేది జిగురు, నానితే పట్టు వదులుతుంది. మర్నాడు అత్తగారి ముచ్చట కోసం ఆ పెట్టెలోని లావుపాటి కుంచెతోనే పెళ్లికూతురి కుడిబుగ్గకు రంగు అద్దారు. మూడు వెంట్రుకలు రంగులో అతుక్కుపోయాయి. బ్యూటీషియన్ ఊపిరి బిగబట్టి పట్టకారుతో ఒక్కొక్కటీ తీసింది. రెండోది తీసేటప్పుడు పెళ్లికూతురి కనుబొమల రంగు దాకా చెమట దిగింది. అప్పుడు నా వైపు తిరిగి, “అన్నయ్యగారూ, జుట్టు కిందికి వేలాడేలా ఆరబెట్టమని అక్కగారికి మీరైనా చెప్పండి” అంది. పసిపిల్లల షాంపూ, గోరువెచ్చని నీళ్లు, పట్టీ తడవకూడదు, రోజూ వాడేవాళ్లయితే వారానికోసారి. నేను పంచె అంచున రాసుకోవడం ఒక్కటే తక్కువ.

చెప్పాను. “నువ్వు ముందు గంప సంగతి చూడు” అంది మా అక్క.

ముహూర్తం దగ్గరపడింది. మేనమామలం ఇద్దరం గంప ఎత్తాం. వైశాఖపు ఉక్క, పక్కనే కాలువ, భుజం మీద మూడున్నర గంటల పనితనం. పెళ్లికూతురు మెడ కదపకుండా, పెదవులు కూడా పెద్దగా కదపకుండా అంది: “మామయ్యా, నా వైపు వంగకు. చెమట చుక్క పడుతుంది.”

నలభై అడుగులు తల ఎత్తి, పందిరి కేసి చూస్తూ నడిచాను. మండపం మెట్టు కనబడలేదు.