మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్పిస్తే ఒరిగేదేంటి?

'మీ పాస్‌వర్డ్ గడువు ముగిసింది. కొత్తది పెట్టుకోండి. అందులో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక ప్రత్యేక గుర్తు తప్పనిసరి.' ఆఫీసు కంప్యూటర్లోనో, ఏదో ఒక పోర్టల్లోనో ఈ హెచ్చరిక ఎదురుకాని ఉద్యోగి అరుదు. అప్పుడతను చేసే పని కూడా దాదాపు ఒకటే. 'సాయిరామ్@123' తీసేసి 'సాయిరామ్@124' పెడతాడు. అడిగినవన్నీ ఉన్నాయి కాబట్టి సైట్ దాన్ని 'స్ట్రాంగ్' అని మెచ్చుకుంటుంది. పాతది తెలిసినవాడికి కొత్తది పట్టుకోవడం నల్లేరు మీద నడకే.

ఈ షరతులకు మూలం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో తెచ్చిన ఒక పత్రం. అందులో పాస్‌వర్డ్‌ల అనుబంధం రాసిన బిల్ బర్ రిటైరయ్యాక, 2017లో, వాల్‌స్ట్రీట్ జర్నల్‌తో మాట్లాడుతూ అప్పట్లో తాను చెప్పినవాటిలో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నానన్నారు. అదే ఏడాది నిస్ట్ కూడా మాట మార్చుకుంది. లీకైందన్న ఆధారం ఉంటే తప్ప పాస్‌వర్డ్ మార్చమని జనాన్ని సతాయించొద్దంది. అక్షరాలు, అంకెలు, గుర్తులు కలపాలన్న షరతు అక్కర్లేదంది. పొడవు చూడండి, ఇప్పటికే బయటపడ్డ పాస్‌వర్డ్ ఎవరైనా పెడితే ఒప్పుకోకండి అంది. 2025లో వచ్చిన తాజా కూర్పులో ఇవి ఇక సలహాలు కావు, ఖరాఖండీ నిబంధనలు. పాస్‌వర్డ్ ఒక్కటే రక్షణగా ఉన్నచోట కనీసం 15 అక్షరాలుండాలని కూడా అందులో ఉంది.

మన దగ్గర చాలా సంస్థలు ఇంకా 2004లోనే ఉన్నాయి. తెలియక అనుకోను. ఆడిట్ కాగితంలో '90 రోజులకు మార్పిస్తున్నారా?' అన్న గడి ఉంటే, టిక్ పెట్టడం తేలిక. పైగా ఖాతా పోయిన రోజున తప్పు ఖాతాదారుడి మీదకు నెట్టేయొచ్చు.

అసలు ముప్పు వేరే చోట ఉంది. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. ఎలాంటి గుప్తీకరణ లేకుండా, ఉన్నవి ఉన్నట్టే. దొంగలు తాళాలు విప్పే ప్రయోగాలకు ఆ జాబితాను ఇప్పటికీ వాడుతున్నారు. 2012లో లింక్డిన్‌లో చోరీ జరిగింది. దాని అసలు పరిమాణం నాలుగేళ్ల తర్వాత, 11.7 కోట్ల ఖాతాల వివరాలు అమ్మకానికి వచ్చాక గానీ తెలియలేదు. 2016లోనే మార్క్ జుకర్‌బర్గ్ ట్విటర్, పింటరెస్ట్ ఖాతాలు హ్యాకయ్యాయి. ఆయన పాస్‌వర్డ్ లింక్డిన్ జాబితాలోనే దొరికిందని హ్యాకర్లు చెప్పుకున్నారు. ఫేస్‌బుక్ అధిపతి సంగతే అలా ఉంటే మామూలు ఉద్యోగిని తప్పుబట్టి లాభమేంటి? ఒకచోట పోయిన పాస్‌వర్డ్‌ను పది సైట్లలో ప్రయత్నించి చూడటానికి దొంగ రాత్రంతా కూర్చోనక్కర్లేదు, ప్రోగ్రామే చూసుకుంటుంది.

కాబట్టి ఏ ఖాతాకు ఆ ఖాతాకే వేరే పాస్‌వర్డ్ ఉండాలి. యాభై ఖాతాలవి గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ పని పాస్‌వర్డ్ మేనేజర్‌కు, అంటే అన్నిటినీ దాచిపెట్టే యాప్‌కు, అప్పగించాలి, ఫోన్‌తో పాటు వచ్చేదైనా సరే. అవీ అభేద్యం కావు. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ నుంచి దొంగలు ఖాతాదారుల వాల్ట్‌ల (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టెల) బ్యాకప్‌లే ఎత్తుకెళ్లారు. లోపలి పాస్‌వర్డ్‌లు గుప్తీకరించి ఉన్నాయి గానీ, ఆ పెట్టె తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా పెట్టుకున్నవాళ్లకు ఆ ధీమా లేకుండా పోయింది. మేనేజర్‌కు, ఈమెయిల్‌కు మాత్రం పొంతన లేని నాలుగైదు మాటలు కలిపి పొడవాటిది పెట్టుకుంటే చాలు. పాట పల్లవి, సామెత పనికిరావు, అవి అందరి నోళ్లలో ఉండేవే.

ఇంట్లో పెద్దవాళ్లు నోటుపుస్తకంలో రాసుకుంటే వెక్కిరించాల్సిన పనీ లేదు. ఎక్కడో కూర్చుని దాడి చేసేవాడికి మీ బీరువా అందదు. ఆ పుస్తకం నెట్ సెంటర్‌లో ఉంటేనే చిక్కు. స్కాలర్‌షిప్‌కో, ఎంట్రన్స్ దరఖాస్తుకో వెళ్లిన పిల్లలకు ఈమెయిల్ తెరిచేదీ, పాస్‌వర్డ్ పెట్టేదీ చాలాచోట్ల కౌంటర్ దగ్గరి మనిషే. తొందరలో తన ఫోన్ నంబరే ఇచ్చేస్తాడు. అతను మంచివాడే కావచ్చు, కానీ ఆ పిల్లలు ఉద్యోగంలో చేరాక కూడా ఓటీపీ అతని ఫోన్‌కే వెళుతుంది.

మన దేశంలో 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కితే తలుపు తెరిచేది చాలావరకు మొబైల్ నంబరే. రీచార్జి చేయక ఆగిపోయిన నంబర్‌ను కంపెనీలు 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇవ్వొచ్చు. డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటూ ఇక్కడి సిమ్‌ను రీచార్జి చేస్తూ వస్తున్న మనవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఊళ్లో ఉండి ఆఫర్ కోసం నంబర్ మార్చేసేవాళ్లకే తెలియదు. కొత్త సిమ్ వేసిన రోజే బ్యాంకులో, ఈమెయిల్‌లో, ఆధార్‌లో పాత నంబర్ తీయించుకోవాలి.

సంస్థలు చేయాల్సినవాటిలో గడువు ఎత్తేయడంతో పాటు ఇంకోటి ఉంది. కొన్ని లాగిన్ పేజీలు భద్రత పేరుతో పాస్‌వర్డ్ గడిలో పేస్ట్ చేయనివ్వవు. మేనేజర్ తయారుచేసిన ఇరవై అక్షరాల గజిబిజిని ఫోన్ కీబోర్డు మీద ఒక్కొక్కటే కొట్టే ఓపిక ఎవరికుంటుంది? మళ్లీ 'సాయిరామ్' దగ్గరికే వస్తారు. పేస్ట్ చేయనివ్వాలని నిస్ట్ ఎప్పుడో చెప్పింది. దాన్ని అడ్డుకునే ఆ రెండు లైన్ల కోడ్ తీసేయడానికి టెండర్లూ కమిటీలూ అక్కర్లేదు.